టెడ్ థాంప్సన్ నిజంగా అంత గొప్ప డ్రాఫ్టరా, లేక రాడ్జర్స్ దొరకడం అదృష్టమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ గ్రీన్ బే ప్యాకర్స్‌కి జనరల్ మేనేజర్‌గా చేసిన టెడ్ థాంప్సన్‌ని డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లని ఏరుకోవడంలో, దిట్ట అని అందరూ పొగుడుతారు, కానీ ఆరన్ రాడ్జర్స్ అనే ఒక్క ఆటగాడిని పక్కన పెడితే ఆయన సాధించింది ఏముంది, చివరి రెండు మూడేళ్లలో టీమ్‌ని దిగజార్చి వెళ్లాడు కదా, మరి ఆటలో గొప్పవాళ్లని చేర్చుకునే హాల్ ఆఫ్ ఫేమ్ మాట ఎందుకు వస్తోంది అని.

నేను గ్రీన్ బే ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలోనే చాలా కాలంగా ఉంటున్నాను. ఆయన జనరల్ మేనేజర్ కాకముందు నుంచీ ఈ టీమ్ డ్రాఫ్ట్‌లు మొదటి నుంచి చివరిదాకా వదలకుండా చూసే అలవాటు ఉంది. నా సమాధానం ముందే చెప్పేస్తాను: రాడ్జర్స్‌ని తీసుకోవడం అదృష్టం కాదు, పైగా రాడ్జర్స్‌ని లెక్కలోంచి తీసేసినా థాంప్సన్ గొప్ప డ్రాఫ్టరే. ఆయన గొప్పతనం మొదటి రౌండ్‌లో కనిపించదు. రెండో రౌండ్‌లో, నాలుగో రౌండ్‌లో కనిపిస్తుంది. చాలామంది అక్కడిదాకా చూడరు, అందుకే మీకు వచ్చిన అనుమానమే చాలామందికి వస్తుంది.

ఐపీఎల్ వేలం చూసి ఈ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వచ్చినవాళ్ల కోసం ఒక్క మాట. ఇక్కడ కాలేజీ ఆటగాళ్లని డబ్బు పెట్టి పాడుకోరు. 32 టీమ్‌లు, ఏడు రౌండ్లు, గత సీజన్‌లో అట్టడుగున ఉన్న టీమ్‌కి మొదటి అవకాశం, గెలిచిన టీమ్‌కి చివరి అవకాశం. వరస నంబర్‌ని బట్టి జీతం దాదాపు ముందే ఖరారై ఉంటుంది, తొలి కాంట్రాక్ట్ నాలుగేళ్లు. టీమ్ మొత్తం జీతాల మీద శాలరీ క్యాప్ అనే పరిమితి ఉంది కాబట్టి, నాలుగో రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు తక్కువ జీతానికి స్టార్ లాగా ఆడితే ఆ మిగిలిన డబ్బుతోనే మిగతా టీమ్ నిలబడుతుంది. నంబర్లని టీమ్‌లు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు కూడా. ఈ మార్పిడిలోనే థాంప్సన్ చెయ్యి తిరిగినవాడు.

ఆయన నేపథ్యం కొంచెం తెలియాలి. టెక్సస్‌లో అట్లాంటా అనే చిన్న ఊరు, 1953లో పుట్టాడు. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి ఆడాడు. ఆయన్ని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు! అయినా 1975లో హ్యూస్టన్ ఆయిలర్స్‌లో చేరి పదేళ్లు డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా, ఎక్కువగా కిక్‌లప్పుడు దిగే స్పెషల్ టీమ్స్‌లో ఆడాడు. 1992లో అప్పటి జనరల్ మేనేజర్ రాన్ వుల్ఫ్ దగ్గర, ఆటగాళ్లని వెతికే ప్యాకర్స్ స్కౌటింగ్ విభాగంలో చేరాడు. వుల్ఫ్ అంటే క్వార్టర్‌బ్యాక్ (ఆటని నడిపిస్తూ బంతి విసిరేవాడు) బ్రెట్ ఫార్వ్‌ని అట్లాంటా ఫాల్కన్స్ నుంచి తెచ్చిన మనిషి, డిఫెన్స్ స్టార్ రెజ్జీ వైట్‌ని గ్రీన్ బేకి రప్పించిన మనిషి. ఆ గురువు దగ్గర ఎనిమిదేళ్లు పనిచేసి, 2000లో ప్యాకర్స్ మాజీ కోచ్ మైక్ హోమ్‌గ్రెన్ వెంట సియాటిల్ వెళ్లి, 2005 జనవరిలో జనరల్ మేనేజర్‌గా తిరిగి గ్రీన్ బే వచ్చాడు. తనను ఎవరూ డ్రాఫ్ట్ చేయకపోయినా పదేళ్లు లీగ్‌లో నిలిచిన మనిషి కాబట్టే, డ్రాఫ్ట్ కాని కుర్రాళ్లని ఆయన అంత శ్రద్ధగా చూశాడని నా నమ్మకం. దాని గురించి కింద చెప్తాను.

ఇక 2005 డ్రాఫ్ట్. ఆయన జనరల్ మేనేజర్‌గా చేసిన మొట్టమొదటి ఎంపిక రాడ్జర్స్, 24వ నంబర్. ఈ రోజు చూస్తే ఇది కళ్లు మూసుకుని తీసుకోవాల్సిన ఎంపికలా ఉంటుంది. ఆ రోజు పరిస్థితి గుర్తు చేసుకోండి. ఫార్వ్‌కి 35 ఏళ్లు, 1992 నుంచి ఒక్క మ్యాచ్ కూడా మానకుండా మొదలుపెడుతూ వస్తున్నాడు. టీమ్ అంతకుముందు సీజన్‌లో 10 మ్యాచ్‌లు గెలిచింది, డిఫెన్స్‌లో మాత్రం కావలసినన్ని చిల్లులు. కొత్త మేనేజర్ వస్తూనే డిఫెన్స్‌కి ఒక మనిషిని తెచ్చి ఈ ఏడాదే గెలిపిస్తాడని అభిమానులు ఎదురుచూస్తుంటే, ఆయన ఇంకా కొన్నేళ్లదాకా అవసరం లేని క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నాడు. మొదటి నంబర్‌కే వెళ్తాడనుకున్న కాలిఫోర్నియా కుర్రాడు టీవీ కెమెరాల ముందు గంటల తరబడి కూర్చుని ఉన్నాడు, 23 ఎంపికలు అతన్ని దాటుకుని పోయాయి. వాటిలో ఏ టీమ్ అయినా తీసుకోవచ్చు, తీసుకోలేదు. "దొరికాడు" అంటున్నారే, అదే పండు అంతకుముందు 23 సార్లు అందరి ముందూ ఉంది. ఈ ఏడాది మనకేం కావాలి అని ఆలోచించకుండా, మిగిలినవాళ్లలో అందరికన్నా మంచి ఆటగాడు ఎవరు అని మాత్రమే ఆలోచించినవాడికే అది చేతికి వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఆ పని చేయడానికి గుండె ధైర్యం కావాలి. రాడ్జర్స్ మూడేళ్లు బెంచ్ మీద కూర్చున్నాడు, తర్వాత నాలుగు సార్లు ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు, అయ్యాడు.

సరే, రాడ్జర్స్‌ని పక్కన పెడదాం. నేను అందరికీ చూపించే మ్యాచ్ 2011 ఫిబ్రవరి 6న డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో జరిగిన సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. ఆ చుట్టుపక్కల మనవాళ్లు బోలెడు మంది ఉంటారు, మీలో కొందరు ఆ ఊళ్లోనే ఉండి చూసి ఉండవచ్చు. ప్యాకర్స్ 31, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 25. ఆ 31 పాయింట్లు ఎవరు చేశారో చూడండి. మొదటి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం) జోర్డీ నెల్సన్. రెండోది నిక్ కాలిన్స్, స్టీలర్స్ పాస్‌ని మధ్యలో పట్టుకుని పరిగెత్తాడు. మూడోది, నాలుగోది గ్రెగ్ జెన్నింగ్స్. మిగిలిన పాయింట్లు కిక్కర్ మేసన్ క్రాస్బీవి. కాలిన్స్ 2005లో 51వ నంబర్, జెన్నింగ్స్ 2006లో 52వ నంబర్, నెల్సన్ 2008లో 36వ నంబర్. ముగ్గురూ రెండో రౌండ్ వాళ్లే! క్రాస్బీ ఆరో రౌండ్. అంటే ఆ రాత్రి ప్యాకర్స్ స్కోరులో ప్రతి పాయింటూ థాంప్సన్ మొదటి రౌండ్ అయిపోయాక ఏరుకున్న ఆటగాళ్లు చేసిందే. మొదటి రౌండ్ రాడ్జర్స్ బంతి విసిరాడు, నిజమే. కానీ విసిరిన బంతిని పట్టుకునేవాడు కూడా ఉండాలి కదా.

ఆ జెన్నింగ్స్ ఎలా వచ్చాడన్నది డ్రాఫ్ట్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవాలి. 2006లో ప్యాకర్స్ చేతిలో 36వ నంబర్ ఉంది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కి చాడ్ జాక్సన్ అనే రిసీవర్ (విసిరిన బంతిని పట్టుకునేవాడు) కావాలి, వరసలో పైకి రావాలనుకున్నారు. థాంప్సన్ 36 ఇచ్చి 52, 75 తీసుకున్నాడు. పేట్రియట్స్ జాక్సన్‌ని తీసుకున్నారు, అతను ఎక్కడా నిలదొక్కుకోలేదు. పదహారు స్థానాలు ఆగి థాంప్సన్ వెస్టర్న్ మిషిగన్ అనే చిన్న ప్రోగ్రామ్ నుంచి జెన్నింగ్స్‌ని తీసుకున్నాడు, పైగా 75తో లైన్‌మన్ (ముందు వరసలో ప్రత్యర్థుల్ని అడ్డుకునేవాడు) జేసన్ స్పిట్జ్ కూడా వచ్చాడు. 2008లో కూడా అదే వరస. 30వ నంబర్‌ని న్యూయార్క్ జెట్స్‌కి ఇచ్చి మొదటి రౌండ్‌లోంచే బయటికొచ్చాడు, 36వ నంబర్‌తో పాటు నాలుగో రౌండ్ నంబర్ ఒకటి వచ్చింది, ఆ 36తో నెల్సన్‌ని తీసుకున్నాడు. ఆ రోజు ఇక్కడ చాలామందికి చిర్రెత్తుకొచ్చింది, మొదటి రౌండ్ వదిలేసి కాన్సస్ స్టేట్ కుర్రాడిని తెచ్చాడని. ఆ తర్వాత పదేళ్లు ఇక్కడ ఎటు చూసినా నెల్సన్ 87 నంబర్ జెర్సీలే.

ఇంకా ఉంది. 2011లో రెండో రౌండ్ చివర 64వ నంబర్‌కి రాండల్ కాబ్, 2014లో 53వ నంబర్‌కి డవాంటే ఆడమ్స్. 2007లో మూడో రౌండ్‌కి జేమ్స్ జోన్స్. తన పదమూడు డ్రాఫ్ట్‌లలో థాంప్సన్ ఒక్క రిసీవర్‌ని కూడా మొదటి రౌండ్‌లో తీసుకోలేదు. అయినా ఆ కాలంలో ప్యాకర్స్‌కి రిసీవర్ల కొరత అన్న మాట పెద్దగా వినిపించలేదు. ఇందులోనూ దురదృష్టం లేకపోలేదు: 2005లో రెండో రౌండ్‌లో తీసుకున్న టెరెన్స్ మర్ఫీకి మూడు మ్యాచ్‌లకే మెడకి దెబ్బ తగిలి కెరీర్ ముగిసిపోయింది. ఆ కుర్రాడు ఆరోగ్యంగా ఉండి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రాడ్జర్స్ వల్లే వీళ్లంతా గొప్పవాళ్లయ్యారు అనే వాదన వస్తుందని తెలుసు. అందులో కొంత నిజం ఉంది. కానీ రాడ్జర్స్ స్టార్టర్ కాకముందే, ఫార్వ్ విసురుతున్నప్పుడే 2007లో జెన్నింగ్స్ 12 టచ్‌డౌన్లు చేశాడు. ఆ టీమ్ 13 మ్యాచ్‌లు గెలిచి ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లింది, అది మెక్‌కార్తీ కోచ్‌గా రెండో ఏడు. ఆడమ్స్ అయితే 2022లో రేడర్స్‌కి వెళ్లి వేరే క్వార్టర్‌బ్యాక్‌తో కూడా 1,500 గజాలు దాటాడు.

రిసీవర్ల కన్నా కూడా నాకు ఎక్కువ ఇష్టమైనది లైన్‌మెన్ కథ. ఇది ఎవరూ చెప్పుకోరు, ఎందుకంటే లైన్‌మెన్ గురించి టీవీలో హైలైట్స్ రావు. జాష్ సిటన్ 2008లో నాలుగో రౌండ్, 135వ నంబర్. టీజే లాంగ్ 2009లో నాలుగో రౌండ్, 109. డేవిడ్ బక్తియారీ 2013లో నాలుగో రౌండ్, మళ్లీ అదే 109. జేసీ ట్రెటర్ అదే ఏడాది అదే రౌండ్, 122. కోరీ లిన్స్‌లీ 2014లో ఐదో రౌండ్. థాంప్సన్ పద్ధతి ఏమిటంటే కాలేజీలో టాకిల్‌గా ఆడినవాళ్లని తెచ్చి లోపలికి మార్చడం. టాకిల్ అంటే లైన్ అంచున ఒంటరిగా అందరికన్నా వేగమైన డిఫెండర్‌ని ఎదుర్కొనేవాడు, కాళ్లు చురుగ్గా కదలాలి. కాలేజీలో ఆ పని చేసినవాడు కొలతలు కాస్త తక్కువయినా లోపల గార్డ్‌గానో సెంటర్‌గానో బాగా నిలబడగలడు. సిటన్, లాంగ్ అలాగే టాకిల్స్‌గా వచ్చి గార్డ్‌లు అయ్యారు. ట్రెటర్ ఐవీ లీగ్‌లో కోర్నెల్ నుంచి వచ్చి సెంటర్ అయ్యాడు. బక్తియారీ మాత్రం టాకిల్‌గానే ఉండిపోయి లీగ్‌లో అందరికన్నా మంచి పాస్ బ్లాకర్లలో ఒకడయ్యాడు. మిగతా టీమ్‌లు మొదటి రౌండ్ నంబర్లు తగలేసి వెతుక్కునే స్థానంలో 109వ నంబర్‌కి దొరికిన మనిషి అతను. రాడ్జర్స్ అంతకాలం బంతి పట్టుకుని తీరిగ్గా చూసి విసరగలిగాడంటే వీళ్ల పుణ్యమే.

2008 వేసవి గురించి చెప్పకుండా ఉండలేను. ఫార్వ్ మార్చిలో రిటైర్ అయ్యాడు, వేసవిలో తిరిగొస్తానన్నాడు. అప్పటికే టీమ్ రాడ్జర్స్ చేతికి ఇచ్చేసింది. ఆ కొన్ని వారాలు ఇక్కడ ఉన్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఆఫీసుల్లో, దుకాణాల్లో, పిల్లల స్కూల్ దగ్గర అదే గొడవ. ప్యాకర్స్‌కి ఒక యజమాని ఉండడు, షేర్లు కొన్న మామూలు జనమే యజమానులు, కాబట్టి ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో మనిషిని థాంప్సన్ బయటికి గెంటుతున్నట్టే బాధపడ్డారు. ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ఆగస్టులో ఫార్వ్‌ని జెట్స్‌కి ఇచ్చాడు. ఆ ఏడాది టీమ్ ఆరు గెలిచి పది ఓడింది, తిట్లు రెట్టింపయ్యాయి. ఆయన ప్రెస్ ముందుకొచ్చి తనను సమర్థించుకోలేదు, ఎవరినీ నిందించలేదు. ఎప్పటిలాగే నాలుగు ముక్కలు మాట్లాడి వీడియో గదిలోకి వెళ్లి కాలేజీ మ్యాచ్‌లు చూసుకున్నాడు.

ఆ ట్రేడ్‌కి జెట్స్ నుంచి వచ్చింది 2009 మూడో రౌండ్ నంబర్, 83. ఆ ఏప్రిల్‌లో, ఎప్పుడూ కిందికి దిగే థాంప్సన్, పైకెక్కాడు. 41, 73, ఈ 83 కలిపి పేట్రియట్స్‌కి ఇచ్చి 26వ నంబర్, ఒక ఐదో రౌండ్ నంబర్ తీసుకున్నాడు. ఆ 26తో క్లే మాథ్యూస్ వచ్చాడు. సూపర్ బౌల్ నాలుగో క్వార్టర్ మొదట్లో స్టీలర్స్ వెనక నుంచి దూసుకొస్తున్నప్పుడు రషార్డ్ మెండెన్‌హాల్ చేతిలోంచి బంతి రాలిపోయేలా కొట్టింది మాథ్యూసే, ఆ బంతిని అందుకున్నది డెస్మండ్ బిషప్, 2007లో ఆరో రౌండ్. ఫార్వ్‌ని పంపించడంలో వచ్చిన నంబర్ మాథ్యూస్‌ని తేవడానికి ఉపయోగపడింది, మాథ్యూస్ కొట్టిన ఆ దెబ్బ మ్యాచ్‌ని నిలబెట్టింది. మార్పిడిలో దిట్ట అని అందుకే అన్నాను.

ఆ సూపర్ బౌల్ గెలిచిన 2010 సీజన్‌లో టీమ్‌లో పదిహేను మంది గాయాలతో సీజన్ మొత్తానికి దూరమయ్యారు. బంతి పట్టుకుని పరిగెత్తే రాయన్ గ్రాంట్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడి దూరమయ్యాడు, జర్‌మైకల్ ఫిన్లీ తర్వాత దూరమయ్యాడు. ఆరో సీడ్‌గా, అంటే తమ వైపు చివరి టీమ్‌గా, ప్లేఆఫ్స్‌కి వెళ్లి ఫిలడెల్ఫియా, అట్లాంటా, షికాగో మూడు చోట్లా బయటే గెలిచారు. ఇక్కడే డ్రాఫ్ట్ కాని కుర్రాళ్ల గురించి చెప్పాలి. ఫిలడెల్ఫియాలో చివరి క్షణాల్లో ఎండ్ జోన్‌లో ప్రత్యర్థి పాస్‌ని పట్టేసి మ్యాచ్ ముగించిన ట్రామన్ విలియమ్స్‌ని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. షికాగోలో అలాగే రెండు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పాస్‌ని పట్టేయడం) చేసిన సామ్ షీల్డ్స్‌ని కూడా చేయలేదు. షీల్డ్స్ కాలేజీలో ఎక్కువ కాలం రిసీవర్, చివరి ఏడాదే రిసీవర్లని అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌కి మారాడు. గ్రాంట్ బదులు బంతితో పరిగెత్తే బాధ్యత మోసిన జేమ్స్ స్టార్క్స్ ఆరో రౌండ్. కాంట్రాక్ట్ ముగిసి ఏ టీమ్‌కైనా వెళ్లగల ఫ్రీ ఏజెంట్లంటే థాంప్సన్‌కి గిట్టదు అంటారు గానీ చార్లెస్ వుడ్సన్‌ని 2006లో తెచ్చింది ఆయనే, అప్పుడు వుడ్సన్ పని అయిపోయిందని చాలా టీమ్‌లు అనుకున్నాయి. 2009లో వుడ్సన్ లీగ్‌లోనే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అయ్యాడు. అలాగని మొత్తం టీమ్ థాంప్సన్ సొంతమేమీ కాదు, డొనాల్డ్ డ్రైవర్, చాడ్ క్లిఫ్టన్ లాంటివాళ్లు అంతకుముందువాళ్లు ఇచ్చి వెళ్లినవాళ్లు.

ఇక మీ రెండో మాట, చివర్లో దిగజార్చాడన్నది. ఇందులో దాచడానికి ఏమీ లేదు. డిఫెన్స్‌లో ఆయన మొదటి, రెండో రౌండ్ ఎంపికలు తర్వాతి కాలంలో చాలా తప్పాయి. 2007లోనే 16వ నంబర్‌కి తీసుకున్న జస్టిన్ హారెల్ గాయాలతో పెద్దగా ఆడలేకపోయాడు. జెరెల్ వర్తీ, డాటోన్ జోన్స్, డమారియస్ రాండల్, క్వింటన్ రోలిన్స్, జాష్ జోన్స్... వరసగా చెప్తుంటేనే ఉసూరుమంటుంది. 2017లో 29వ నంబర్‌ని ఇచ్చేసి 33కి దిగి కెవిన్ కింగ్‌ని తీసుకున్నాడు. మధ్యలో 30వ నంబర్‌కి మన విస్కాన్సిన్ యూనివర్సిటీ కుర్రాడు టీజే వాట్ స్టీలర్స్‌కి వెళ్లిపోయాడు. ఆ దిగే అలవాటే జెన్నింగ్స్‌నీ నెల్సన్‌నీ తెచ్చింది, అదే అలవాటు వాట్‌ని పోగొట్టింది. అంతకన్నా నన్ను బాధపెట్టినవి చేతిలో ఉన్నవాళ్లని వదులుకోవడం. కేసీ హేవర్డ్ 2016లో చార్జర్స్‌కి వెళ్లి అదే ఏడాది ఏడు ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో మొదటివాడయ్యాడు. మైకా హైడ్ బఫలోకి, ట్రెటర్ క్లీవ్‌లాండ్‌కి వెళ్లి స్థిరపడ్డారు. వీళ్లని ఏరింది ఆయన కన్నే, నిలుపుకోనిది ఆయన నిర్ణయమే. వాళ్ల స్థానంలో డ్రాఫ్ట్‌లో మళ్లీ అలాంటివాళ్లు దొరుకుతారన్న ధీమా ఆ సంవత్సరాల్లో ఫలించలేదు. రాడ్జర్స్ మంచి వయసులో ఉండగా మరో సూపర్ బౌల్ రాలేదన్న బాధ నాకూ ఉంది. కానీ 2009 నుంచి 2016 దాకా వరసగా ఎనిమిదేళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లిన టీమ్‌ని "దిగజార్చాడు" అనడం అన్యాయం. 2014లోనూ 2016లోనూ ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ ఆడారు.

2018 జనవరిలో ఆయన పక్కకి తప్పుకున్నాడు. 2019లో ప్యాకర్స్ టీమ్ సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న సమయంలో, తనకు శరీరంలోని నరాల వ్యవస్థకి సంబంధించిన ఆటోనమిక్ డిజార్డర్ ఉందని, 2017 సీజన్ చివర్లో ఆరోగ్యం తన పనికి అడ్డొస్తోందని డాక్టర్ల దగ్గరికి వెళ్లానని స్వయంగా చెప్పాడు. ఆఖరి సంవత్సరాల్లో ఆయన మాట తడబడటం మీద, నడక మీద జనం వేసిన జోకులు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. దయచేసి వాటిని పంచుకోకండి. ఎంపికలు తప్పాయనండి, చర్చిద్దాం. ఒంట్లో బాగోలేని మనిషిని ఆడిపోసుకోవడం వేరు. 2021 జనవరి 20న, 68 ఏళ్ల వయసులో, పుట్టిన ఊళ్లోనే ఆయన పోయారు. ఆ వారమే ప్యాకర్స్ ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ ఆడుతున్నారు, ఆ టీమ్‌లో రాడ్జర్స్, ఆడమ్స్, లిన్స్‌లీ, కెన్నీ క్లార్క్, ఆరన్ జోన్స్, క్రాస్బీ అందరూ ఆయన తెచ్చినవాళ్లే. ఆరన్ జోన్స్ 2017లో, ఆయన ఆఖరి డ్రాఫ్ట్‌లో, ఐదో రౌండ్.

ఇక మొత్తం ఆటకి సంబంధించిన హాల్ ఆఫ్ ఫేమ్ సంగతి. అది ఉన్న కాంటన్‌లో, టీమ్‌లు కట్టినవాళ్లలో రాన్ వుల్ఫ్, బిల్ పోలియన్ 2015లో, బాబీ బెథర్డ్ 2018లో, గిల్ బ్రాంట్ 2019లో, జార్జ్ యంగ్ 2020లో చేరారు. బెథర్డ్ కూడా మొదటి రౌండ్ నంబర్లని తేలిగ్గా ఇచ్చేసి కింద రౌండ్లలో టీమ్ కట్టినవాడే, కాకపోతే ఆయన ఖాతాలో ఒకటి కన్నా ఎక్కువ సూపర్ బౌల్స్ ఉన్నాయి. థాంప్సన్‌కి ఉన్నది ఒక్కటే, అదే ఆయనకి అడ్డం. నా ఓటు మాత్రం ఆయనకే. ఎందుకంటే సూపర్ బౌల్‌తో పాటు మనుషుల్ని తయారు చేయడం కూడా లెక్కలోకి రావాలి. సియాటిల్‌ని నిలబెట్టిన జాన్ ష్నైడర్, రేడర్స్‌కి వెళ్లిన రెజ్జీ మెకెంజీ, కాన్సస్ సిటీకి వెళ్లిన జాన్ డోర్సీ, ముగ్గురూ ఆయనతో కలిసి గ్రీన్ బేలో కూర్చుని మ్యాచ్ వీడియోలు చూసినవాళ్లే. 2014 ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో ప్యాకర్స్ గుండె పగలగొట్టింది ఆ ష్నైడర్ కట్టిన టీమే.

ఆయన తర్వాత వచ్చిన బ్రయన్ గుటెకున్స్ట్ ఎలా ఉన్నాడు అని కూడా చివర్లో అడిగారు. ఫ్రీ ఏజెంట్లకి డబ్బు పెట్టడంలో గురువుకి పూర్తిగా భిన్నం, 2019లో ఒకేసారి నలుగురిని పెద్ద కాంట్రాక్టులతో తెచ్చాడు. కానీ 2020లో రాడ్జర్స్‌కి 36 ఏళ్లు ఉండగా, టీమ్ అంతకుముందు ఏడు 13 మ్యాచ్‌లు గెలిచి ఉండగా, రిసీవర్ కావాలని ఊరంతా మొత్తుకుంటుండగా, 30 నుంచి 26కి ఎక్కి క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ని తీసుకున్నాడు. లవ్ కూడా మూడేళ్లు కూర్చుని 2023లో స్టార్టర్ అయ్యాడు, ఆ ఏప్రిల్‌లో రాడ్జర్స్‌ని కూడా జెట్స్‌కే ఇచ్చారు.